రెడ్డిగారి స్టాప్‌వాచీని

కె.వి. రెడ్డిగారి బొటనవేలు నా మీద పడిందంటే రిహార్సలు మొదలైనట్టే. మద్రాసు వాహినీ స్టూడియోలో నా ఉద్యోగం అది.

ఆయనది తాడిపత్రి. ఫిజిక్సు చదివి, క్యాషియరుగా సినిమాల్లోకి వచ్చి, ‘భక్త పోతన’తో డైరెక్టరయ్యారు. పింగళి నాగేంద్రరావుగారితో కూర్చుని కథా మాటలూ పూర్తిగా తేల్చుకున్నాకే సెట్‌కి వెళ్లేవారు. అక్కడికెళ్లాక కొత్త మాటలు పుట్టించడం ఆయనకు గిట్టదు.

నటులు మొదటి మాట అందుకోగానే నా ముల్లు కదిలేది. ఆఖరి మాట అయిపోయినా ఆయన వెంటనే ఆపరు. ఆ మాట వెనకే వచ్చే చూపు కూడా పూర్తవ్వాలి, దానికీ ఫిలిం కావాలి కదా! సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16. అంటే నిమిషానికి 90 అడుగులు. నా ముల్లు ఆగిన చోటును బట్టి ఆ సీనుకి ఎన్ని అడుగులు పడతాయో రాసుకునేవారు. అలా కెమెరా తిరగకముందే సినిమా నిడివి తేలిపోయేది.

ఇంత లెక్కలో కళ ఎక్కడుంటుందని అడిగేవాళ్లు 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మళ్లీ చూడాలి. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రిగారు సుకుమారంగా నడుస్తూనే ఉన్నట్టుండి రాక్షసుడిలా చెయ్యి విసరాలి, ఆ వెంటనే సర్దుకోవాలి. సర్దుకోవడం ఆలస్యమైతే నవ్వు చప్పబడిపోతుంది. తొందరైతే జనానికి అందనే అందదు. అంత సన్నటి సందులో ఆ సీను నిలబడింది.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఇంకొకటుంది. ‘మాయాబజార్’ భారతంలోని పాత్రల కథే అయినా పాండవులు తెర మీద ఒక్కసారీ కనిపించరు. కథకు వాళ్లు ఎదురుగా ఉండాల్సిన పని లేదని రెడ్డిగారు గట్టిగా నమ్మారు. వాళ్ల కోసం ఒక్క అడుగు ఫిలిం ఖర్చు కాలేదు. ఆ మిగిలిన చోటంతా మాయకే దక్కింది: కెమెరామన్ మార్కస్ బార్ట్లేగారి వెన్నెలకి, ఘటోత్కచుడిగా రంగారావుగారి విందుకి.

రెడ్డిగారు 1972లో వెళ్లిపోయారు. ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో ‘పుష్పక విమానం’ తీశారు. అందులో మాటలే లేవు, అన్నీ చూపులే. ఒక్కో చూపుకి ఎన్ని అడుగులు పట్టాయో లెక్క కట్టాలని నాకు ఇప్పటికీ ఉబలాటం.