రద్దీ చూసి ఇల్లు కొనమనే సలహా

జపాన్‌కు యాత్రికులు పోటెత్తుతున్నారు కాబట్టి జపాన్‌లో ఇల్లు కొనమంటారు. అక్కడి ఆస్తులను విదేశీయులకు అమ్మే సెమినార్లలో, వీడియోల్లో వినిపించే సలహాలన్నింటికీ ఇదే తల్లివేరు. ఇందులో మొదటి సగం నిజం. 2012లో ఆ దేశానికి వెళ్లిన విదేశీ యాత్రికులు దాదాపు 84 లక్షలు. 2019 నాటికి 3 కోట్ల 19 లక్షలయ్యారు, 2024లో 3 కోట్ల 69 లక్షలు. 2012లో డాలరుకు 80 యెన్‌ల చుట్టూ తిరిగిన మారకం 2024 జూలైలో 160 దాటింది. విదేశీయుడు ఇల్లు కొనాలంటే అక్కడ వీసా ఉండనక్కర్లేదు, నివాసం ఉండనక్కర్లేదు. భూమి మీద కూడా పూర్తి హక్కు వస్తుంది. ఇన్ని నిజాల వెనకాలే చెబుతారు కాబట్టి రెండో సగాన్ని ఎవరూ నిలదీయరు.

నిలదీయాలి. యాత్రికుడి వల్ల ఇంటి ధర పెరుగుతుంది. ఆ ధరకు తగిన ఆదాయం కొన్నవాడి చేతికి వస్తుందా లేదా అన్నది మాత్రం యాత్రికుడు తేల్చడు. స్థానిక చట్టం, భవనం అసోసియేషన్, పక్కింటివాళ్ల ఫిర్యాదులు, పొరుగు దేశాల రాజకీయాలు తేలుస్తాయి. జీవితకాలం కూడబెట్టిన డబ్బు పెట్టబోయేవారికి ఈ తేడా చెప్పకపోవడం అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇది: “కొని ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టండి, ఏడాదంతా నిండే ఉంటుంది.” మామూలు ఇంటిని రోజువారీ అద్దెకు ఇవ్వడాన్ని జపాన్‌లో మిన్‌పాకు అంటారు. దాని కోసం చేసిన చట్టం 2018 జూన్ 15న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద ఏడాదికి 180 రోజులకు మించి అతిథులను ఉంచకూడదు. అమల్లోకి రావడానికి కొద్ది రోజుల ముందే, అనుమతి చూపని ఇళ్లను ఎయిర్‌బీఎన్‌బీ తన జాబితా నుంచి తీసేసింది. జపాన్‌లో దాని ఇళ్లలో దాదాపు 80 శాతం అలా మాయమయ్యాయి. యజమాని అక్కడ ఉండకపోతే నమోదైన నిర్వహణ సంస్థకు ఇంటిని అప్పగించాల్సిందే. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని ఫోన్‌లో నడిపేస్తామంటే కుదరదు.

లెక్క వేసి చూడండి. రాత్రికి 15,000 యెన్‌లు అనుకుందాం. 365 రాత్రులకు 54 లక్షల 75 వేల యెన్‌లు. సెమినారులో తెర మీద కనిపించేది ఈ అంకే. చట్టం ఒప్పుకునే 180 రాత్రుల్లో ఒక్కటి కూడా ఖాళీ పోకపోయినా వచ్చేది 27 లక్షలు. అందులోంచి నిర్వహణ సంస్థ వాటా, వెబ్‌సైటు కమీషను, శుభ్రం చేయించే ఖర్చు, పన్నులు పోవాలి.

180 అనేది దేశం మొత్తానికి గరిష్ఠ హద్దు. దానికి లోబడి ఊరూరూ తన నిబంధన ఇంకా బిగించుకోవచ్చు. క్యోటోలో కేవలం నివాసాలకు కేటాయించిన ప్రాంతాల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా, అంటే సుమారు 60 రోజులు మాత్రమే మిన్‌పాకుకు అనుమతి. యజమాని అదే ఇంట్లో ఉంటేనో, పాతకాలపు క్యోమాచియా ఇల్లు అయితేనో కొన్ని మినహాయింపులున్నాయి. క్యోటోకు జనం ఎగబడేది మార్చి చివరి నుంచి విచ్చుకునే చెర్రీ పూల కోసం, నవంబరులో ఎర్రబడే ఆకుల కోసం. నగరం వదిలిన రెండు నెలలు ఆ రెంటికీ మధ్య పడే చలికాలం. ఇది కావాలని చేసిన ఏర్పాటే. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు బస్సు ఎక్కలేక, తమ సందులో రాత్రి పూట నిద్ర పట్టక నగర పాలకుల మీద ఒత్తిడి తెచ్చారు. నన్నడిగితే వాళ్లు అడిగింది న్యాయం. టోక్యోలోని షింజుకు వార్డు తన నివాస ప్రాంతాల్లో శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకే మిన్‌పాకును అనుమతిస్తుంది.

ఫ్లాటు కొంటే ఇంకో గడప ఉంది. భవనం అసోసియేషన్ తన నియమావళిలో మిన్‌పాకును పూర్తిగా నిషేధించవచ్చు. 2018కి ముందే చాలా భవనాలు ఆ పని చేసేశాయి. నగరం ఒప్పుకున్నా అసోసియేషన్ ఒప్పుకోకపోతే ఆ ఫ్లాటులో యాత్రికుడు అడుగు పెట్టలేడు.

“అయితే ఒసాకాలో కొనండి, అక్కడ 180 రోజుల హద్దు లేదు” అన్నది దీని వెంటే వచ్చే సలహా. ఒసాకాను జాతీయ ప్రత్యేక మండలంగా గుర్తించారు కాబట్టి అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండే అతిథులకు ఏడాది పొడవునా ఇల్లు ఇవ్వొచ్చు, నిజమే. దేశంలో ఈ రకం ఇళ్లలో అత్యధికం అక్కడే ఉన్నాయి. అలా గుంపుగా చేరడం వల్లే చెత్త, గోల, సందుల్లో సూట్‌కేసుల చప్పుడు గురించి ఫిర్యాదులు పెరిగాయి. చివరకు 2026 మే నెలాఖరుతో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేయాలని నగరం నిర్ణయించింది. అనుమతి నడిపేవారి పేరు మీద ఉంటుంది, ఇల్లు అమ్మినంత మాత్రాన కొన్నవారి పేరు మీదకు మారదు. “అనుమతి ఉన్న ఇల్లు” అని ఎవరైనా అమ్మజూపితే ఆ అనుమతి ఎవరిదో ముందు అడగండి.

ఇక మంచు ఊళ్ల సంగతి. “నిసెకో చేజారింది, తర్వాతి నిసెకో పట్టుకోండి” అంటున్నారు. హొక్కైడోలోని నిసెకో కథ తెలిసిందే. అక్కడి పొడి మంచును 2000 తర్వాత ఆస్ట్రేలియన్లు కనిపెట్టారు, వెనకాలే హాంకాంగ్, సింగపూర్ డబ్బు వచ్చింది, రిట్జ్ కార్ల్‌టన్, పార్క్ హయత్ వెలిశాయి. అందులో లాభపడింది బంగాళాదుంపలు పండే రోజుల్లో భూమి కొన్నవాళ్లు. ఇప్పుడు ఫురానో పేరు, హకుబా పేరు చెబుతున్నారు. 2024లోనూ 2025లోనూ నివాస స్థలాల ధర దేశంలో అత్యధికంగా పెరిగింది ఫురానోలోనే. ఆ పెరుగుదల ఇప్పటికే ధరలో కలిసిపోయింది. కొత్తగా కొనేవాడు దాన్ని సంపాదించడు, చెల్లిస్తాడు.

మంచు ఊరిలో కొనేముందు తెలుసుకోవాల్సిన ఊరు నిసెకో కాదు, యుజావా. నీగాటా రాష్ట్రంలోని ఈ చిన్న పట్టణం కవబాత రాసిన ‘మంచు దేశం’ నవలకు నేపథ్యం. 1982లో షింకన్‌సెన్ రైలు రావడంతో టోక్యో నుంచి గంటన్నర లోపు ప్రయాణమైపోయింది. 1987లో విహార ప్రాంతాల అభివృద్ధికి ప్రత్యేక చట్టం వచ్చింది. స్కీయింగ్ యువతకు పిచ్చిగా పట్టింది. వేడినీటి బుగ్గల స్నానశాలలు, ఈత కొలనులు పెట్టి బహుళ అంతస్తుల భవనాలు వరసగా లేచాయి. దాదాపు 8,000 జనాభా ఉన్న ఊళ్లో సుమారు 15,000 విహార ఫ్లాట్లు కట్టారు. వాటిని కొన్నవాళ్లు చాలావరకు టోక్యో మధ్యతరగతి వాళ్లే. స్కీయింగ్ ఎప్పటికీ ఆగదని, భూమి ధర ఎప్పటికీ పడదని వాళ్లకు చెప్పారు.

1990 దశకం మొదట్లో ఆస్తి ధరల బుడగ పగిలింది. కొద్ది కాలానికే స్కీయింగ్ మోజు కూడా పడిపోయింది. కోట్ల యెన్‌లకు కొన్న ఫ్లాట్లు కొన్నేళ్లకు లక్ష యెన్‌లకు, అంటే అరవై వేల రూపాయల లోపుకు, అమ్మకానికి వచ్చినా అడిగేవారు లేకపోయారు. అంత చవకైనా ఎందుకు కొనలేదంటే, ఫ్లాటు ఖాళీగా ఉన్నా నెలనెలా మెయింటెనెన్సు కట్టాలి, మరమ్మతుల నిధికి కట్టాలి, ఏటా ఆస్తి పన్ను కట్టాలి. స్నానశాలలు, లిఫ్టులు, మంచు తీసే పని ఎంత ఎక్కువుంటే ఆ బిల్లు అంత పెద్దది. పైగా జపాన్ అపార్టుమెంటు చట్టం ప్రకారం పాత యజమాని ఎగ్గొట్టిన మెయింటెనెన్సు బాకీని అసోసియేషన్ కొత్త యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. లక్ష యెన్‌ల ఫ్లాటు వెనకాల పది లక్షల బాకీ ఉంటే దాని అసలు ధర పదకొండు లక్షలు. ఈమధ్య విదేశీ స్కీయర్లు మళ్లీ వస్తున్నారు, కొన్ని భవనాల్లో గిరాకీ తిరిగొచ్చింది. అది మంచిదే. కానీ మొదట కొన్నవాళ్లకు అది దాదాపు 30 ఏళ్లు ఆలస్యం.

ధర తక్కువని పల్లెల్లో వదిలేసిన ఇళ్లు, అకియాలు, కొనమనే సలహా కూడా ఇలాంటిదే. 2023 లెక్కల ప్రకారం జపాన్‌లో ఖాళీ ఇళ్లు 90 లక్షలు, మొత్తంలో 13.8 శాతం. అక్కడ భూమికి విలువుంటుంది గాని చెక్క ఇంటికి పన్ను లెక్కల్లో ఆయుష్షు 22 ఏళ్లే. కొత్త భూకంప ప్రమాణం వచ్చింది 1981 జూన్‌లో. అంతకు ముందు కట్టినదైతే బలపరిచే ఖర్చు ఇంటి ధరను మించిపోవచ్చు. నాలుగు మీటర్ల రోడ్డును కనీసం రెండు మీటర్ల మేర ఆనుకోని స్థలమైతే, పాత ఇల్లు కూల్చాక అక్కడ మళ్లీ కట్టుకునే వీలే సాధారణంగా ఉండదు. క్యోటో ఇరుకు సందుల్లో చవగ్గా దొరికే ముచ్చటైన ఇళ్లలో చాలావాటి రహస్యం ఇదే.

“యాత్రికుల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది” అన్న మాటనూ కాసేపు చూద్దాం. 2021లో ఆ సంఖ్య రెండున్నర లక్షలకు పడిపోయింది. మహమ్మారి అరుదని సరిపెట్టుకోవచ్చు. మరి 2019 వేసవిలో వాణిజ్య వివాదంతో దక్షిణ కొరియన్లు ప్రయాణాలు మానుకుంటే ఆ సెప్టెంబరులో వారి రాకపోకలు సగానికి పైగా తగ్గాయి. 2025 జూలైలో పెద్ద విపత్తు వస్తుందని ఒక పాత మాంగా పుస్తకం ఆధారంగా పుకారు లేస్తే హాంకాంగ్ విమాన సంస్థలు సర్వీసులు తగ్గించుకున్నాయి. అదే ఏడాది నవంబరులో తైవాన్ విషయంలో మాట పెరిగి, జపాన్ వెళ్లవద్దని చైనా తన పౌరులకు చెప్పింది. డిసెంబరుకల్లా చైనా యాత్రికులు దాదాపు సగం తగ్గిపోయారు. హోటల్ గొలుసు ఇలాంటి ఏడాదిని తట్టుకోగలదు. ఒక్క ఫ్లాటు మీద ఆశ పెట్టుకున్న కుటుంబం తట్టుకోగలదా?

“రెండేళ్లలో లాభానికి అమ్మేయండి” అనేవాళ్లు పన్ను సంగతి చెప్పరు. అమ్మిన ఏడాది జనవరి 1 నాటికి చేతిలో అయిదేళ్లు దాటకపోతే విదేశాల్లో ఉండే యజమానికి లాభం మీద 30 శాతానికి పైగా పన్ను, దాటితే 15 శాతం చిల్లర. చాలా అమ్మకాల్లో ధరలో 10.21 శాతం కొన్నవాడే పట్టుకుని ప్రభుత్వానికి కడతాడు. కొనేటప్పుడు ఏజెంటు కమీషను 3 శాతం పైన 60,000 యెన్‌లు, దాని మీద పన్ను, రిజిస్ట్రేషను పన్ను, కొనుగోలు పన్ను ఎలాగూ ఉన్నాయి. ఇల్లు కొంటే వీసా వస్తుందని ఎవరైనా అంటే అది అబద్ధం. వ్యాపార నిర్వాహకుల వీసాకు కావాల్సిన పెట్టుబడిని కూడా 2025 అక్టోబరులో 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్లకు పెంచారు.

భారత్‌లో ఉండి కొనేవారికి రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపే వీలుంది. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం పన్ను (టీసీఎస్) ముందే పట్టుకుంటారు. తర్వాత సర్దుబాటు అవుతుంది గాని అన్నాళ్లూ ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. ఆ ఇంటి వివరాలు ఇక్కడి రిటర్నులో చూపాలి, ఆదాయాన్ని రెండు దేశాల్లోనూ చెప్పాలి.

ఇవన్నీ విన్నాక కూడా కొనాలనుంటే కొనండి, తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఇంటిని ఒక జపనీయుల కుటుంబానికి ఏడాది పొడవునా నెలవారీ అద్దెకు ఇస్తే ఎంత వస్తుందో ముందు లెక్క కట్టండి. మెయింటెనెన్సు, పన్నులు పోను ఆ లెక్క నిలబడితే యాత్రికుల వల్ల వచ్చేది అదనం. నిలబడకపోతే ఆ ఇల్లు వదిలేయండి. ఒప్పందానికి ముందే ఏజెంటు సంస్థలోని లైసెన్సు ఉన్న ఉద్యోగి ఆస్తి వివరాల పత్రాన్ని మీకు ఇచ్చి వివరించాలని జపాన్ చట్టం చెబుతోంది. మెయింటెనెన్సు బాకీలు, అసోసియేషన్ ఆంక్షలు, రోడ్డు కొలత, వరద ముప్పు అందులోనే ఉంటాయి. ఆ పత్రాన్ని మీరు డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకుడితో చదివించుకోండి. అది చేతికి రాకముందే అడ్వాన్సు అడిగే ఏజెంటుకు ఒక్క యెన్ కూడా ఇవ్వకండి.