స్లిట్ ల్యాంప్ కథ

స్లిట్ ల్యాంప్ 1911లో స్వీడన్ నేత్రవైద్యుడు గుల్‌స్ట్రాండ్ చేతిలో పుట్టింది. సన్నని వెలుగుగీతను కంటి మీద వేసి, మైక్రోస్కోపులోంచి చూడనివ్వడమే దాని పని. మరుసటి ఏడే లండన్‌లో నరాల వైద్యుడు కిన్నియర్ విల్సన్ ఒక అరుదైన వణుకు జబ్బును వర్ణించాడు. ఈ కథలోని ల్యాంపు హైదరాబాద్ పాతబస్తీలో కళ్ళ డాక్టరు గదిలో ఉంటుంది. దాని ముందు కూర్చునేది ఎక్కువగా శుక్లాలవాళ్ళే. ఎప్పుడో ఒకసారి ఆ విల్సన్ జబ్బు అనుమానంతో, న్యూరాలజీ ఓపీ చీటీతో ఓ కుర్రాడు వస్తాడు. చూపు బాగానే ఉంటుంది. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, చేతులెత్తితే రెక్కల్లా కొట్టుకుంటాయి. బడిలో బద్ధకమన్నారు, ఇంట్లో గాలి సోకిందన్నారు. దర్గా తాయెత్తు ఇంకా మెడలోనే ఉంటుంది.

గడ్డం పలక మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించాలి. వణికే తలను తండ్రి వెనకనుంచి పట్టుకోవాలి. పైరెప్ప ఎత్తితే నల్లగుడ్డు అంచున ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వలయం కనిపిస్తుంది. మొదట పైన, తర్వాత కింద, చివరికి చుట్టూ ఏర్పడుతుంది. అది కార్నియా లోపలి పొరలో చేరిన రాగి. జర్మన్ కంటివైద్యులు కైజర్ 1902లో, ఫ్లైషర్ 1903లో ఈ వలయాన్ని గుర్తించారు. మన నల్లకళ్ళలో టార్చిలైటుకు ఇది సులువుగా దొరకదు. ల్యాంపుకు ఆమాత్రం గర్వం ఉండొచ్చు. అయితే కాలేయం మాత్రమే చెడినవారిలో సుమారు సగం మందికే వలయం ఉంటుంది. అందుకే రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, మెదడు ఎంఆర్ఐ కూడా చూస్తారు.

తిండిలోని మిగులు రాగిని కాలేయం పైత్యరసంలోకి తోసేయాలి. ఏటీపీ7బీ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిందే వస్తే ఆ పని సాగదు. రాగి కాలేయంలో నిండి మెదడుకు చేరుతుంది. మేనరికాలు, చిన్నాన్న పెదనాన్న పిల్లల మధ్య పెళ్ళిళ్ళు ఉన్నచోట ఈ ముప్పు ఎక్కువ. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు అవకాశం ఉంది. రోగి పరీక్షకన్నా వాళ్ళ పరీక్షే విలువైందనాలి, లక్షణాలు రాకముందే జబ్బును ఆపొచ్చు గనుక.

1956లో వైద్యుడు జాన్ వాల్ష్ ఈ జబ్బుకు మందుగా తెచ్చిన పెనిసిలమిన్ రాగిని మూత్రంలోకి లాగేస్తుంది. ఖాళీ కడుపున వేసుకోవాలి. మొదట్లో కొందరికి వణుకు ముదురుతుంది, అందుకే చిన్న మోతాదుతో మొదలుపెడతారు. జింక్ పేగుల్లోనే రాగిని అడ్డుకుంటుంది. మందు పనిచేస్తే వలయం వచ్చిన వరుసకు తిరగబడి కరుగుతుంది. కరిగిందని మందు మానితే ప్రాణానికే ముప్పు, వాడకం జీవితాంతం. కాలేయం పూర్తిగా చెడితే మార్పిడే దారి.

పథ్యం కష్టమైనదే. పొద్దున హోటల్లో కలేజీ (కాలేయం వంటకం), బాదం, జీడిపప్పు, చాక్లెట్ మానాలి. ఆరోగ్యమని బేగంబజార్‌లో కొన్న రాగి బిందెను కూడా రోగి ఇంట్లో నీళ్ళకు వాడకూడదు.