ఆమె ఏ సభ మనిషి?

2023 నవంబరు. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికల ప్రచారం జోరుమీదుంది. ఓటర్ల జాబితాలో ఆడవాళ్లు మగవాళ్లను కాస్త దాటారు. దాంతో పార్టీల మధ్య వేలంపాట మొదలైంది. మహాలక్ష్మి కింద నెలకు 2,500 ఇస్తామని కాంగ్రెస్ అంటే, సౌభాగ్యలక్ష్మి కింద 3,000 ఇస్తామని బీఆర్ఎస్ అంది. గ్యాస్ బండ 500కే అని ఒకరు, 400కే అని మరొకరు. ముస్లింల కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా మైనారిటీ డిక్లరేషన్ ప్రకటించింది. బీఆర్ఎస్, అప్పటికి తన ప్రభుత్వం ముస్లిం ఆడపిల్లల పెళ్లికి షాదీ ముబారక్ కింద ఇస్తున్న లక్షా నూటపదహార్లు గుర్తుచేసింది.

నిజామాబాద్ జిల్లాలోని ఒక పట్టణంలో ఒక పార్టీ ఒకే ఆదివారం రెండు సభలు పెట్టింది. పొద్దున మహిళా సదస్సు, మధ్యాహ్నం మైనారిటీ సదస్సు. పార్టీ పేరు రాయను. ఆ నెలలో అందరూ పెట్టిన సభలే అవి.

నేను ఒక బీడీ కార్మికురాలి వెంట వెళ్లాను. అరవై దాటిన మనిషి. తునికాకు కత్తిరించీ కత్తిరించీ ఆమె బొటనవేలు పక్కకు వంగిపోయింది. కత్తెర పట్టే చోట చర్మం గవ్వలా గట్టిపడింది. ఆమెది ఒకటే గోడు. పొద్దున సభలో మైకు అందగానే లేచి చెప్పింది.

"సారూ, చిన్నప్పటి సంది బీడీలే చేసిన. కంపెనీ నాకు పీఎఫ్ కట్టలే. పీఎఫ్ నంబరు లేకుంటే బీడీ పింఛిన్ రాదంటున్నరు. కంపెనీ చేసిన తప్పుకు నాకెందుకు శిక్ష? మా గల్లీల నా అసొంటోళ్లు మస్తుమంది ఉన్నరు."

వేదిక మీది నాయకుడు ఆమె బుర్ఖా చూశాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు.

"అమ్మా, మీది మధ్యాహ్నం ఉంది. మైనారిటీల సంగతులన్నీ అక్కడ మాట్లాడుదాం. తప్పకుండా రండి."

వెళ్లాం. షాదీఖానా కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లను వెనకాల పరదా పక్కన కూర్చోబెట్టారు. వేదిక మీద ఒక్క ఆడమనిషి లేదు. 1952లో ఇదే తెలుగు నేల మీద, హైదరాబాద్ శాలిబండ నుంచి మాసుమా బేగం అనే ముస్లిం మహిళ శాసనసభకు గెలిచారు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి కూడా అయ్యారు. తెలంగాణ ఏర్పడే ముందు జరిగిన 2014 ఎన్నికలు మొదలుకొని 2018, 2023 దాకా మూడు అసెంబ్లీ ఎన్నికల్లో ఇక్కడ ఒక్క ముస్లిం మహిళ కూడా గెలవలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఖబరస్తాన్ ప్రహరీ గోడ, ఇమాముల జీతాలు, షాదీఖానా రిపేర్లు అన్నీ మాట్లాడారు. అవీ కావలసినవే. ఆమె తన గోడు చీటీ మీద రాయించి పంపింది. ఒక పెద్దమనిషి చదివి, పరదా వైపు తిరిగాడు.

"ఇది బీడీలు చేసే ఆడోళ్ల ముచ్చట గదా. ఆడోళ్ల మీటింగ్ పొద్దుగాల్నే అయిపాయె. అక్కడ చెప్పకపోయినవా అమ్మా?"

ఆమె ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చాట ఒళ్లో పెట్టుకుని, తంబాకు దగ్గరికి లాక్కుంది. సభలకు పోయిన పూటకు కూలి ఎవరిస్తారు?

చీకటి పడ్డాక అదే పార్టీ బూత్ కుర్రాడు వచ్చాడు. చేతిలో ఓటర్ల జాబితా, చెవి మీద పెన్ను.

"ఖాలా, మీ ఇంట్ల నాలుగు ఓట్లు గదా?"

"అవును బేటా. ఒక్కటి చెప్పు. నా ఓటు ఏ లెక్కల రాసినవ్? ఆడోళ్ల లెక్కలనా, ముసల్మాన్ల లెక్కలనా?"

వాడికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. కాగితం ఆమె వైపు తిప్పి చూపించాడు. 'మహిళ' అన్న గడిలో ఒక టిక్కు, 'మైనారిటీ' అన్న గడిలో ఇంకో టిక్కు.

"రెండిట్ల ఉన్నవ్ ఖాలా" అన్నాడు.