వీసా ముద్ర ఆత్మకథ

కర్ర పిడి, అడుగున రబ్బరు అక్షరాలు. అంతే నా ఒళ్లు. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధిలోని బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఆఫీసులో నా కొలువు. నన్ను పట్టిన చెయ్యి ఫ్రాంక్ ఫోలీ గారిది.

పొట్టి మనిషి, గుండ్రటి కళ్లద్దాలు. చూసినవాళ్లు గుమాస్తా అనుకునేవారు. నిజానికి ఆయన బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6కు బెర్లిన్‌లో పెద్దదిక్కు. వీసాల పని పైకి వేసుకున్న ముసుగు. పట్టుబడితే కాపాడే దౌత్య రక్షణ ఆయనకు లేదు. వియన్నాలో ఇదే కొలువు, ఇదే ముసుగుతో ఉన్న థామస్ కెండ్రిక్‌ను 1938 ఆగస్టులో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకుని, విచారించి, దేశం నుంచి వెళ్లగొట్టింది. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడు ఎవరి కంటా పడకుండా ఉండాలి. మా దొర అలా ఉండలేకపోయారు.

ఆ ఏడాది నవంబరు 9 రాత్రి నాజీల దాడుల్లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి, దుకాణాల అద్దాలు పగిలాయి. సుమారు 30 వేల మంది యూదు మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు తోలారు. దేశం విడిచి పోతామని రుజువు చూపినవాళ్లకే ఎక్కువగా విడుదల దొరికేది. ఇక మా గుమ్మం ముందు జనం బారులు తీరారు. బల్ల మీదికొచ్చే ప్రతి పాస్‌పోర్టులోనూ యూదులని చాటే ఎర్రటి 'జె' అక్షరం. దాని తర్వాతి పేజీల్లోనే నా చోటు.

అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న పాలస్తీనాకు వెళ్లడానికి ఉన్న దారుల్లో ఒకటి, చేతిలో 1,000 పౌండ్లు ఉన్నట్టు చూపడం. ఉన్నదంతా నాజీలు ఊడ్చుకుపోయాక ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎవరైనా ఆ సొమ్ము ఇస్తామని ఉత్తరం రాస్తే చాలు, ఫోలీ గారు సరేననేవారు. నన్ను సిరా ప్యాడ్‌కు అదిమి, కాగితం మీద గట్టిగా మోపేవారు. వీసాలు పట్టుకుని తానే సాక్సెన్‌హౌసెన్ శిబిరానికి వెళ్లి మనుషుల్ని విడిపించారు. గెస్టపో వెతుకుతున్నవాళ్లను తన ఇంట్లోనే దాచారు.

అదే ఏడు జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు యూదు శరణార్థుల గురించి సమావేశమై జాలిపడ్డాయి, తలుపులు మాత్రం దాదాపు అన్నీ మూసే ఉంచాయి. ఆ దేశాల ఆఫీసుల్లోనూ నాలాంటి ముద్రలున్నాయి. సిరా ఉంది. లేనిది ఇలాంటి చెయ్యి.

యుద్ధం ముంచుకొచ్చిన 1939లో ఆయన బెర్లిన్ విడిచారు. ఆయన వల్ల బతికి బయటపడినవాళ్లు పది వేలదాకా ఉంటారని అంచనా. 1958లో ఇంగ్లండులో కన్నుమూశారు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఆయన్ను యూదులను కాపాడిన పుణ్యపురుషుల జాబితాలో చేర్చింది 1999లో.

ముద్ర చేతిలో ఉన్న అయ్యలారా, అమ్మలారా! నిబంధన చదవండి, తప్పదు. కాకపోతే 'కుదరదు' అనే ముందు, కుదిరే దారి ఏదైనా అందులోనే ఉందేమో మరోసారి చదవండి.