కుక్క నవ్వింది

సంక్రాంతికి ఊరెళ్లి అటక మీది ఇత్తడి సామాను దించుతుంటే గంగాళంలో మా పాత వీడియో గేమ్ దొరికింది. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి పేరూ ఊరూ లేని నకలు. తొంభైల్లో మా వీధంతా ఇదే ఆడింది. అసలుది ఎవరమూ చూడలేదు గనక ఇదే అసలు.

క్యాసెట్ పెట్టి స్విచ్ వేస్తే తెరంతా బూడిదరంగు. బావ వెంటనే క్యాసెట్ లాగి ఉఫ్‌మని ఊదాడు. తేలు మంత్రం వేసేవాడు కూడా అంత నమ్మకంగా ఊదడు. నిజానికి ఊదడంలో మహిమేం లేదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు అరవై పిన్నులూ ఒరుసుకుని అతుకుతాయి, అంతే. పైగా నోటి తేమ ఆ లోహాన్ని మెల్లగా తినేస్తుంది. ఇదంతా విని "మరి అప్పట్లో పనిచేసిందిగా, బామ్మర్దీ?" అన్నాడు. మా ఇంట్లో అల్లుడి మాటకి అప్పీలు లేదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కోసం మందుల షాపుకెళ్లాను.

"దెబ్బ ఎవరికండీ?"

"క్యాసెట్‌కి."

అతను నన్ను కాసేపు చూసి, అడక్కుండానే దూది కూడా ఇచ్చాడు. తుడిస్తే నల్లటి మడ్డి ఊడొచ్చింది. చిన్నప్పటి మా ఉఫ్‌లన్నీ అందులోనే ఉన్నాయి.

బొమ్మ వచ్చింది! 9999999 ఆటలని రాసుంది. లెక్కపెడితే ఏడు. మిగతావన్నీ ఆ ఏడే, పేర్లు మార్చుకుని.

బాతుల వేట పెట్టాం. ఆట తుపాకీతో ఎంత కాల్చినా ఒక్క బాతూ పడలేదు. కుక్క గడ్డిలోంచి లేచి కిసకిసా నవ్వింది. తుపాకీ విప్పాను. స్ప్రింగ్ ఎగిరి అరిసెల డబ్బాలో పడింది. మధ్యాహ్నమంతా అరిసెలు తీసి దులిపాక గానీ గుర్తు రాలేదు, ఆ తుపాకీ కాల్చదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీలోని కన్ను పట్టేది ఆ మెరుపునే. కొత్త టీవీ ఆ మెరుపు చూపించేది తీరిగ్గా. ఈలోగా తుపాకీ "తగల్లేదు" అని తీర్పు చెప్పేస్తుంది.

పెరటి గదిలో బియ్యం బస్తాల వెనకున్న డబ్బా టీవీని నేనూ బావా మోసుకొచ్చాం. స్ప్రింగ్ బిగించి, గురిచూసి కాల్చాను. బాతు హాయిగా ఎగిరిపోయింది. కుక్క లేచి నవ్వింది.

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏరా, అది నవ్వుతోందంటే బాగైనట్టేనా?"