ఇంకో ఆర్నెల్లాగితే...

మా కారు నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ‘ఏపీ’ అనే ఉంటుంది. 2011 ఫిబ్రవరిలో రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన వాగన్ ఆర్ అది. 2014లో రాష్ట్రం రెండయ్యాక కొత్త బళ్లు టీఎస్‌తో తిరిగాయి, 2024 మార్చి నుంచి టీజీతో తిరుగుతున్నాయి. పాత బళ్లవాళ్లు కూడా నంబర్లు మార్చుకోవాలట అని అప్పట్లో పుకారు పుట్టి మా అపార్ట్‌మెంటంతా హడలిపోయింది. అందరూ ఏజెంట్లకు ఫోన్లు కొడుతుంటే నేనొక్కణ్ణే నింపాదిగా ‘‘ఆగండి, అదే సర్దుకుంటుంది’’ అన్నాను. సర్దుకుంది. ఆగడం వల్ల జీవితంలో నాకు కలిసొచ్చింది ఆ ఒక్కసారే. కాని ఒకసారి లాటరీ తగిలినవాడు మళ్లీ టిక్కెట్టు కొనకుండా ఉంటాడా?

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ లెక్కన 2026 ఫిబ్రవరితో మా బండి గడువు తీరుతుందని మా ఆవిడ నిరుడు జూన్ ఆఖర్న గుర్తు చేసింది. అప్పుడే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరైనా బండి కొంటారా? శ్రావణం దాకా ఆగుదామన్నాను. శ్రావణం వచ్చింది, వరలక్ష్మీ వ్రతమూ అయింది, ఇక షోరూముకి బయల్దేరడమే తరువాయి అనుకుంటుండగా ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి జీఎస్టీ తగ్గిస్తాం, దీపావళి కానుక అన్నారు. కార్లు కొనబోతున్నవాళ్లందరూ ఒక్కసారి బ్రేకు తొక్కారు. నేను ముందునుంచీ హ్యాండ్ బ్రేకు మీదే ఉన్నాను కనక నాకు కుదుపు తెలియలేదు.

తగ్గింపు సెప్టెంబరు 22న అమల్లోకొచ్చింది. చిన్న కార్లకు 28 శాతమూ ఆ పైన సెస్సూ పోయి 18 శాతం, పెద్దవాటికి సెస్సు లేకుండా 40 శాతం. సరిగ్గా మహాలయ అమావాస్య వెళ్లిన మర్నాడు, దేవీ నవరాత్రుల మొదటి రోజు. ‘‘చూశావుట్రా, ఢిల్లీలో వాళ్లింట్లోనూ పంచాంగం చూసే ముసలమ్మ ఒకత్తె ఉండే ఉంటుంది’’ అంది మా అమ్మ.

ఆ రోజు షోరూములో జనాన్ని చూస్తే కార్లు ఉచితంగా పంచుతున్నారేమో అనిపించింది. మేం అడిగిన తెలుపు రంగు లేదు, బూడిద రంగు లేదు, ఉన్న ఒక్క నారింజ రంగు బండి చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. పైగా అదే సమయానికి మా బావమరిది ఫోన్ చేశాడు.

‘‘బావా, అడ్వాన్సు కట్టలేదు కదా? కట్టకు. నవంబరులో సియెర్రా వస్తోంది.’’

మా బావమరిది గురించి ఒక మాట చెప్పాలి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. మన దేశంలో అమ్ముతున్న ప్రతి కారుకీ ఎన్ని ఎయిర్‌బ్యాగులో, గేరుబాక్సు ఏఎంటీయో డీసీటీయో, బూటులో ఎన్ని సూట్‌కేసులు పడతాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాడికి సొంత కారు లేదు. అందుకే వాడి సలహాలో స్వార్థం ఉండదని మా ఇంట్లో గట్టి నమ్మకం.

సియెర్రా పేరు వినగానే నాకు డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి. టాటా వాళ్లు 1991లో మొదటిసారి ఆ బండి తెచ్చినప్పుడు మా ఊళ్లో ఒక కాంట్రాక్టరు కొన్నాడు. ముందు రెండే తలుపులు, వెనక పైకప్పు మీదికి వంపు తిరిగిన పెద్ద అద్దాలు. వెనక కూర్చున్నవాళ్లు దిగాలంటే ముందువాళ్లు దిగి సీటు వంచాలి. ఆయన భార్య వెనక సీటు నుంచి దిగే వైభోగం చూడ్డానికి మేం సినిమా హాలు ముందు కాచుకుని ఉండేవాళ్లం. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆ పేరు తిరిగొస్తోందంటే రెండు నెలలు ఆగలేనా?

ఆగాను. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. నవంబరు 25న సియెర్రా విడుదలైంది. ఈసారి తలుపులు నాలుగు, ధర 11 లక్షల 49 వేల నుంచి మొదలు. నేను చెక్కుబుక్కు కోసం బీరువా తీశాను. మా అమ్మ పంచాంగం తీసింది.

‘‘రేపట్నుంచి శుక్ర మూఢం రా. ఫిబ్రవరి 17 దాకా.’’

కారుకి మూఢం ఏమిటని వాదించబోయాను. ‘‘శుక్రుడే వాహన కారకుడు’’ అంది. ఇంక జవాబు లేదు. ఏ గ్రహమైనా ఫరవాలేదుగాని, మోటారు వాహనాల శాఖ చూసే గ్రహమే అస్తమిస్తే ఎవరేం చేస్తారు?

నన్ను అసలు దెబ్బకొట్టింది శుక్రుడు కాదు, బావమరిది. రెండు నెలలపాటు సియెర్రా సియెర్రా అని జపం చేసినవాడు, బండి విడుదలైన సాయంత్రం మా ఇంట్లో పకోడీలు తింటూ మాట మార్చాడు. ‘‘కొత్త మోడల్ బావా. మొదటి లాట్ ఎప్పుడూ కొనకూడదు. ఇంకో ఆర్నెల్లాగు.’’

మొదటి లాట్ సిద్ధాంతం వినని మధ్యతరగతి మనిషి ఉండడు. కొత్త ఇంజను లోటుపాట్లు రోడ్డెక్కాక గాని బయటపడవు. బండిలో సగం కంప్యూటరే కనక సాఫ్ట్‌వేరు సరిచేస్తూ పోతారు. మెకానిక్కుల చెయ్యి తిరగాలి, విడిభాగాలు ఊరూరా చేరాలి. ఇవన్నీ నిజాలే, కాదనను. ఇబ్బందల్లా ఏమిటంటే ఆర్నెల్లు ఆగితే ధర పెరుగుతుంది. పరిచయ ధర మొదట బుక్ చేసినవాళ్లకే. డిసెంబరులో కొంటే డిస్కౌంటు ఇస్తారు, కాని రెండు వారాల్లో అది ‘పోయినేడాది బండి’ అయిపోయి, అమ్మేటప్పుడు ధర కోసుకుంటారు. జనవరిలో కొంటే ఏడాది కొత్తది, ధరా కొత్తదే. మూడేళ్లాగితే ఫేస్‌లిఫ్టు. ఫేస్‌లిఫ్టు వచ్చాక ఇంకో రెండేళ్లలో కొత్త తరం వస్తుంది కనక పాతది ఎవడు కొంటాడు? ఈ లెక్కన కారు కొనడానికి అనువైన రోజు ఏడాదిలో ఒక్కటీ మిగలదు. అధిక మాసం వస్తే ఏమైనా దొరుకుతుందేమో.

అయినా మొదటి లాట్ మాట ఎత్తితే నాకు హర్‌పాల్ సింగ్ గుర్తొస్తారు. 1983 డిసెంబరు 14న దేశంలో మొట్టమొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్నది ఆయనే. ఆయనది మొదటి లాట్ కూడా కాదు, మొదటి బండి! 2010లో ఆయన పోయేదాకా అది ఆ ఇంట్లోనే ఉంది. ఈ మాట చెబితే బావమరిది ‘‘అది వేరే కాలం బావా’’ అన్నాడు. ఈ కాలం సంగతీ చూద్దాం. 2022 జులై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిస్తే ఒక్క నిమిషంలో పాతిక వేలు, అరగంటలో లక్ష దాటాయి. ఆ నిమిషంలో నేనైతే కళ్లజోడు వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. రైతు బజారులో అరకిలో గుత్తి వంకాయలు ఏరడానికే నాకు పది నిమిషాలు పడుతుంది, అదీ పుచ్చులతో సహా.

వెనక కంపెనీలు మనల్ని ఆపేవి. మా నాన్నగారు నేను మూడో తరగతిలో ఉండగా చేతక్ స్కూటరు బుక్ చేస్తే తొమ్మిదో తరగతిలో వచ్చింది. ఆ ఆరేళ్లూ ఆయన ‘‘స్కూటరు బుక్ చేశాం’’ అని స్కూటరున్నవాడి కన్నా ఎక్కువ దర్జాగా సైకిలు తొక్కారు. ఇప్పుడు బండి సిద్ధంగా ఉంది, బ్యాంకు సిద్ధంగా ఉంది, ఆగమంటున్నది మనమే.

ఈ జబ్బుకి ఒక పేరు కూడా ఉంది: ఆస్‌బోర్న్ ఎఫెక్టు. ఆడం ఆస్‌బోర్న్ 1981లో మోసుకెళ్లగలిగే కంప్యూటరు తెచ్చి బాగా అమ్ముకున్నాడు. తర్వాత, ఇంతకంటే మంచిది రాబోతోందని ముందే నోరు జారాడు. జనం ‘‘అయితే ఆగుదాం’’ అన్నారు, 1983లో కంపెనీ దివాలా తీసింది అని కథ. మునగడానికి వేరే కారణాలున్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు గాని, పేరు మాత్రం అంటుకుపోయింది. నాకు ముచ్చటేసిన విషయం, ఆ ఆస్‌బోర్న్ చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో, తండ్రి రమణ మహర్షి భక్తుడు కావడం వల్ల. ‘నేనెవరు?’ అని ప్రశ్నించుకోమన్న కొండ కింద పెరిగినవాడి పుణ్యమా అని లోకం ‘తరవాతిది ఎప్పుడు?’ అని ప్రశ్నించుకుంటూ కూర్చుంది.

ఇవన్నీ మా ఆవిడకు వివరించాను. ఓపిగ్గా విని, ‘‘పెళ్లిచూపులకొచ్చి వెళ్లాక మీ ఇంటినుంచి రెండు నెలలు కబురు లేదు. అప్పుడు మీరు ఏ మోడల్ కోసం ఆగారో అది చెప్పండి ముందు’’ అంది. మర్నాడే కిమ్మనకుండా టెస్టు డ్రైవుకి వెళ్లాను.

మా కూకట్‌పల్లిలో టెస్టు డ్రైవంటే షోరూం నుంచి యూటర్ను దాకా, యూటర్ను నుంచి షోరూం దాకా. మూడో గేరు పడే అవకాశం రాదు. అందుకని ఎవరైనా ‘ఎలా ఉంది?’ అంటే ‘ఏసీ బాగుంది’ అంటారు. నేనూ అదే అన్నాను. వెనక కూర్చున్న మా అమ్మ తలెత్తి, కప్పు తెరుచుకోవడం చూసి అదేమిటంది. సన్‌రూఫ్ బామ్మగారూ, ఆకాశం చూడొచ్చు అన్నాడు షోరూం కుర్రాడు. ‘‘అది మా డాబా మీంచీ కనిపిస్తుంది నాయనా’’ అంది. కుర్రాడు కాగితం మీద ధర వేసిచ్చాడు. మేం అనుకున్న వేరియంటుకి లైఫ్ ట్యాక్సే రెండు లక్షలు దాటింది. దాని కింద ఇన్సూరెన్సు, దాని కింద ఎక్స్‌టెండెడ్ వారంటీ, దాని కింద మ్యాట్లూ మడ్ ఫ్లాపులూ. చదువుతుంటే షోరూం ధర పెళ్లిలో కట్నంలాగా, మిగతాది లాంఛనాల్లాగా అనిపించింది. కరెంటు బండి కొంటే తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఆ ట్యాక్సు లేదు, నిజమే. కాని చార్జింగు పాయింటు కోసం అపార్ట్‌మెంటు అసోసియేషను మీటింగులో నోరు విప్పడం కంటే ట్యాక్సు కట్టడమే చవక.

ఇంటికొచ్చి టేపు పట్టుకుని సెల్లారులోకి దిగాం. టేపు ఆ కొస మా ఆవిడ, ఈ కొస నేను. మా జాగాకి ఒక పక్క స్తంభం, ఇంకో పక్క గోడ. సియెర్రా మా వాగన్ ఆర్ కంటే అడుగు పైచిలుకు ఎక్కువ వెడల్పు. స్తంభానికీ గోడకీ మధ్య బండి పడుతుంది గాని, పెట్టాక ఏ వైపు తలుపూ మనిషి దిగేటంత తెరుచుకోదని తేలింది. మా ఆవిడ టేపు వదిలేసి కాసేపు ఆలోచించి, ‘‘సన్‌రూఫ్ ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది’’ అంది.

డిసెంబరు 16న బుకింగులు తెరిచారు. ఆ రోజే ధనుర్మాసం మొదలు. నేను మూఢాన్ని, మాసాన్ని, మొదటి లాట్‌ని, స్తంభాన్ని కలిపి నలుగురు సాక్షుల్ని పెట్టుకుని నిశ్చింతగా ఆగాను. నిజం చెప్పొద్దూ, ఆ రెండు నెలలు నాకు జరిగిన మర్యాద మరెప్పుడూ జరగలేదు. ఒకటికి మూడు షోరూముల కుర్రాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి ‘‘టిఫినైందా సార్?’’ అనేవాళ్లు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఆ మాట అడిగి ఏడాదైంది. ముక్కోటి ఏకాదశికి ముగ్గురూ శుభాకాంక్షలు పంపారు. ఒకడైతే మా అమ్మ మోకాళ్ల నెప్పి ఎలా ఉందని కనుక్కున్నాడు. కారు కొన్నవాడికి సర్వీసింగు తేదీ తప్ప ఇంకేం గుర్తు చేస్తారు?

ఫిబ్రవరి వచ్చేసింది. మూఢం పోయేలోపే రిజిస్ట్రేషను గడువు ముంచుకొచ్చేలా ఉంది. పొల్యూషను కాగితం, ఇన్సూరెన్సు కాగితం పట్టుకుని పాత బండినే ఆర్టీఏ ఆఫీసుకి తోలుకెళ్లాను. ఇన్‌స్పెక్టరు హారను కొట్టించారు, లైట్లు వేయించారు, వైపర్లు ఆడించారు. బానెట్టు ఎత్తి చూసి, ‘‘బాగా ఉంచారండీ’’ అన్నారు. పదిహేనేళ్లలో ఆ బండిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. గ్రీన్ ట్యాక్సు కట్టించుకుని రిజిస్ట్రేషను ఐదేళ్లకి పొడిగించారు. నాకు ఆర్నెల్లు చాలనుకుంటే ఏకంగా పది ఆర్నెల్లు!

ఆ ఆనందంతో మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చి సెల్లారులోకి దింపబోతే మా జాగాలో, స్తంభానికీ గోడకీ మధ్య, నిగనిగలాడుతూ కొత్త సియెర్రా. బంతిపూల దండ, టైర్ల ముందు నలిగిన నిమ్మకాయలు. రెండు వైపుల తలుపులూ బెత్తెడు తెరుచుకుని ఆగిపోయాయి. ఎదురుగా మా ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంతలో కప్పు మెల్లగా పక్కకి జరిగి, అందులోంచి ముందు ఒక స్వీటు డబ్బా, దాని వెనకే మా బావమరిది తల పైకొచ్చాయి.

‘‘మొదటి రోజే బుక్ చేశా బావా. చెబితే నువ్వు వద్దంటావని...’’

నేను తాళాలు చేతిలో ఆడిస్తూ ఆ బండిని ముందునుంచి వెనక దాకా చూశాను. అడగాల్సిన మాటలు చాలా ఉన్నాయి గాని, నడుము దాకా కప్పులో ఇరుక్కున్న మనిషిని ఏం అడుగుతాం? ‘‘ఎలా ఉందిరా బండి?’’ అన్నాను.

వాడు ఒక కాలు పైకి లాక్కోవడానికి ప్రయత్నిస్తూ, ‘‘ఇప్పుడే ఏం చెబుతాం బావా, ఇంకో ఆర్నెల్లాగితే గాని...’’ అన్నాడు.