నుదుటికో తుపాకీ

2020 మార్చి, కరోనా రోజులు. విదేశాల నుంచి దిగినవాళ్లు 14 రోజులు గడప దాటొద్దన్నారు. లండన్ నుంచి కొత్తగూడెం వచ్చిన ఓ అబ్బాయి దాటాడు. కేసు వాళ్ల నాన్న మీదా పడింది. నాన్నగారు ఎవరనుకున్నారు? జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టాల్సిన డీఎస్పీ!

ఇక లారీలు. లాక్‌డౌన్‌లోనూ సరుకు ఆగకూడదు, నిజమే. డ్రైవరు, క్లీనరు నాలుగు జిల్లాలు తిరిగొస్తే చెక్‌పోస్టులో నుదుటికి తుపాకీ పెట్టి జ్వరం చూసి 'పో' అన్నారు. లక్షణాలు బయటపడటానికి 14 రోజుల దాకా పట్టే రోగమని చెప్పింది కూడా ఈ అధికారులే. పైగా భద్రాచలం ఊరి చివర అడుగేస్తే ఎటపాక, అంటే ఆంధ్ర. వైరస్ అక్కడ ఆగి ఏ రాష్ట్రం పాసు అడగాలో తెలియక తికమకపడిందేమో!

మిర్చి బస్తాకు దారి దొరికింది. ఆ కాయ కోయడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీకి దొరకలేదు. పిల్లాజెల్లా అడవిదారిన నడిచిపోయారు. అక్కడ తుపాకీ పెట్టే నాథుడూ లేడు, గుక్కెడు నీళ్లిచ్చే నాథుడూ లేడు.

ఏప్రిల్ 2న, శ్రీరామనవమికి, భద్రాచలం రాములవారు మాత్రం గుడి దాటకుండా, భక్తులను రానివ్వకుండా కల్యాణం కానిచ్చుకున్నారు. ఆయన మీద ఏ కేసూ లేదు.